ఏల్ వండిన ఇల్లాళ్లు

పానీయాల చరిత్ర – 7వ భాగం

1556లో ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ పట్టణం జాన్ షేక్‌స్పియర్ అనే చేతితొడుగుల వ్యాపారికి ఒక చిన్న పదవి కట్టబెట్టింది. ఆయన కొడుకు విలియం పుట్టడానికి ఇంకా ఎనిమిదేళ్ల వ్యవధి ఉంది. పదవి పేరు ఏల్ టేస్టర్. ఊళ్లో ఎవరింట్లో అమ్మకానికి ఏల్ సిద్ధమైనా వెళ్లి రుచి చూడాలి. పాడైందా, నీళ్లు కలిపారా, కట్టిన ధరకే సరైన కొలతతో అమ్ముతున్నారా అన్నది తేల్చాలి. రొట్టెల తూకం మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి. ఈ టేస్టర్లు తోలు లాగులు వేసుకుని, బల్ల మీద ఏల్ ఒలకబోసి, అందులో కూర్చుని, లాగు బల్లకు అంటుకుంటుందో లేదో చూసి నాణ్యత చెప్పేవారని ఒక కథ ఉంది. వినడానికి సరదాగానే ఉంటుంది గానీ ఆ కాలపు రికార్డుల్లో దానికి ఆధారం లేదు. నాలుక ఉండగా లాగుతో పనేమిటి?

ఈ తనిఖీ జాన్ షేక్‌స్పియర్ నాటికే మూడు వందల ఏళ్ల పాతది. అంతకాలం పాటు ఈ టేస్టర్లు తట్టిన తలుపుల వెనక ఎక్కువగా ఉన్నది ఆడవాళ్లు. వాళ్ల చేతిలోంచి ఆ పని ఎలా జారిపోయిందో ఈ భాగంలో చూద్దాం. దానికి కారణం ఒక రుచి. కొత్తగా వచ్చిన చేదు.

ఇవాళ ఏల్, బీరు అన్న మాటల్ని కలిపే వాడేస్తున్నాం. 15వ శతాబ్దపు ఇంగ్లండులో అవి రెండు వేర్వేరు పానీయాలు. మాల్టు, నీళ్లు, నురగ కలిస్తే ఏల్. వాటికి హాప్స్ అనే తీగ పువ్వు చేరితే బీరు. ఏల్ ఇంటిది. బీరు సముద్రం దాటి వచ్చింది.

ఏల్ తయారీ చెప్పడానికి సులువే. బార్లీ గింజల్ని నానబెట్టి, నేల మీద పరిచి, మొలక కనిపించేదాకా తిరగేస్తూ ఉంటారు. మొలక ముదరకముందే పొయ్యి సెగన ఆరబెడతారు. అదే మాల్టు. దాన్ని విసిరి, కాగిన నీళ్లు పోసి, మూత పెట్టి వదిలేస్తే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. నీళ్లు మరీ మరుగుతుంటే ఈ మార్పు జరగదు, చల్లారిపోయినా జరగదు. థర్మామీటరు లేని రోజుల్లో ఆ మధ్యస్థపు వేడి పట్టుకోవడమే అసలు పనితనం. తొట్టి మీద ఆవిరి తగ్గి, నీళ్లలో మన మొహం మనకు కనబడినప్పుడు మాల్టు పొయ్యాలని తరవాతి కాలపు పుస్తకాలు రాశాయి. ఇల్లాళ్లకు ఆ లెక్క అంతకుముందే తెలిసి ఉంటుంది. వాళ్లు రాయలేదు, అంతే.

తొట్టి కింది నుంచి జారే మొదటి తీపి నీరు చిక్కన. అదే మాల్టు మీద మళ్లీ వేడినీళ్లు పోస్తే రెండోది కాస్త పలచన. మూడోది పేరుకే ఏల్. పిల్లలకూ పనివాళ్లకూ రోజువారీ తాగడానికి అది. ఆ తీపి నీటిని చల్లార్చి, పాత పీపాలోంచి తీసిన నురగ కలిపితే ఒకటి రెండు రోజుల్లో పొంగుతుంది.

రుచి ఎలా ఉండేది? చేదు దాదాపు లేదు. తియ్యగా, చిక్కగా, మబ్బుగా ఉండేది. కట్టెల సెగన ఆరిన మాల్టు అయితే పొగ వాసన. కడుపు నింపే తిండిలాంటి పానీయం. ఆండ్రూ బోర్డ్ అనే వైద్యుడు 1542లో రాసిన ఆరోగ్య గ్రంథంలో మంచి ఏల్ లక్షణాలు చెప్పాడు: తాజాగా, తేటగా ఉండాలి, జిగురు సాగకూడదు, పొగ కొట్టకూడదు, అయిదు రోజులు గడవకముందు తాగకూడదు. ఈ జాబితా చదివితే నాకు కనబడేది మంచి ఏల్ కాదు, ఊళ్లో మామూలుగా దొరికిన ఏల్. సాగేదీ, పొగచూరినదీ, పచ్చిగా ఉన్నప్పుడే అమ్మేసినదీ. అమ్మేవాళ్ల తొందరకు కారణం ఉంది. ఏల్ నిలవ ఉండదు. ఎండాకాలమైతే కొద్ది రోజులకే పులుపెక్కుతుంది.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. మధ్యయుగాల్లో నీళ్లు విషం గనక జనం ఏలే తాగి బతికారని చాలామంది రాస్తారు. నీళ్లు కూడా తాగారు. లండన్ నగరం 1245 నుంచి టైబర్న్ ఊటల దగ్గరి నుంచి గొట్టాలు వేయించి చీప్‌సైడ్ దాకా మంచినీళ్లు తెచ్చుకుంది. 14వ శతాబ్దంలో ఆ నీళ్లను ఏల్ వండేవాళ్లు తోడుకుపోతున్నారని నగరవాసులు ఫిర్యాదులు చేశారు. నీళ్ల మీద భయమే ఉంటే నీళ్ల కోసం పోట్లాట ఎందుకు? ఏల్ తాగింది ప్రధానంగా అందులో బలం ఉంది కాబట్టి, రుచిగా ఉంది కాబట్టి.

నిలవ ఉండని సరుకుకు ఒక పద్ధతి పుడుతుంది. ఒక ఇల్లాలు ఒక దఫా వండితే ఇంటిల్లిపాదీ తాగగా మిగులుతుంది. మిగిలింది పాడవకముందు అమ్మెయ్యాలి. ఇంటి ముందు ఒక గడ పాతి, చివర ఆకుల మండ కడుతుంది. ఏల్ సిద్ధం, టేస్టరు రావచ్చు, కొనేవాళ్లూ రావచ్చు అని దాని అర్థం. వచ్చే వారం గడ పొరుగింటి ముందు లేస్తుంది. ఈవిడ అక్కడికి చెంబు పట్టుకెళుతుంది. దుకాణం లేదు, పెట్టుబడి పెద్దగా లేదు, ఉన్న కుండలూ తొట్లే సామగ్రి. పెళ్లైనవాళ్లు, విధవలు, ఒంటరి ఆడవాళ్లు అందరూ ఈ వంతులో ఉన్నారు.

రాజ్యం దీన్ని ఊరికే వదల్లేదు. 1266-67 ప్రాంతంలో మూడో హెన్రీ పాలనలో వచ్చిన రొట్టె-ఏల్ శాసనం ధాన్యం ధరకూ ఏల్ ధరకూ ముడి వేసింది. బార్లీ ధర క్వార్టరు అనే కొలతకు 20 పెన్నీల నుంచి 2 షిల్లింగుల మధ్య ఉంటే నగరంలో పెన్నీకి 2 గ్యాలన్లు, నగరం బయట 3 లేదా 4 గ్యాలన్లు అమ్మాలి. తప్పితే జరిమానా. ఆచరణలో చాలా ఊళ్లలో తప్పు చేసినా చెయ్యకపోయినా వండిన ప్రతివాళ్ల దగ్గరా చిన్న జరిమానా వసూలు చేసేవారు. అంటే అది జరిమానా పేరుతో లైసెన్సు ఫీజు. ఊరి కచేరీ పుస్తకాల్లో ఆ పేర్లన్నీ వరసగా ఎక్కాయి. చరిత్రకారిణి జూడిత్ బెన్నెట్ ఆ జాబితాలను తవ్వి, ఇంగ్లండు ఏల్ తయారీ ఒకప్పుడు ఆడవాళ్ల పని అని 1996లో వచ్చిన తన పుస్తకంలో ఊరూరి లెక్కలతో చూపించింది. పన్ను గుమాస్తాల ఆశ వల్ల మనకు ఆ పేర్లయినా మిగిలాయి.

గొంతు మిగిలినవాళ్లు మాత్రం బహు తక్కువ. అందులో ఒకావిడ మార్జరీ కెంప్. నార్ఫోక్ తీరంలోని లిన్ పట్టణంలో అయిదుసార్లు మేయరు అయినవాడి కూతురు. పెళ్లై, పిల్లలు పుట్టాక, డాబు కోసమూ డబ్బు కోసమూ ఏల్ వ్యాపారం పెట్టింది. మూడు నాలుగేళ్లు ఊళ్లోని పెద్ద తయారీదారుల్లో ఒకరిగా వెలిగింది. ఆ తరవాత పీపా మీద నురగ చక్కగా లేచినట్టే లేచి, ఉన్నట్టుండి కూలిపోవడం మొదలైంది. దఫా తరవాత దఫా అలాగే పోయింది. పనివాళ్లు సిగ్గుపడి మానేశారు. దేవుడు తన గర్వానికి శిక్ష వేశాడని ఆమె అనుకుంది. గుర్రాలతో తిరిగే పిండిమర పెడితే అవీ మొరాయించాయి. ఆపైన ఆమె భక్తి మార్గం పట్టి, జెరూసలేం దాకా వెళ్లొచ్చి, 1430లలో తన కథ చెప్పి రాయించింది. ఆ రాతప్రతి 1934 దాకా ఒక ఇంట్లో పడి ఉంది. ఇంగ్లీషులో మొదటి ఆత్మకథ అని పలువురు పిలిచే పుస్తకంలో తొలి పేజీల్లోనే ఒక ఏల్ తొట్టి చెడిపోవడం ఉందన్న సంగతి నాకు భలే నచ్చుతుంది.

నురగ ఎందుకు కూలిందో ఆమెకు తెలిసే వీలు లేదు. ఆ నురగలోని ఈస్టు ఒక జీవి అని 19వ శతాబ్దంలో గానీ తేలలేదు. పాశ్చర్ బీరు మీద తన గ్రంథం వేసింది 1876లో. మార్జరీ కాలంలో తెలిసిందల్లా ఒకటే: కిందటి దఫా నురగ తీసి ఉంచి తరవాతి దఫాలో కలపాలి. మన ఇళ్లలో పెరుగు తోడుకు పొరుగింటికి గిన్నె పట్టుకెళ్లినట్టే అక్కడా అడిగి తెచ్చుకునేవారు. అదే నార్ఫోక్‌లోని నారిచ్ నగర పత్రాల్లో 1468 నాటి కట్టుబాటు ఒకటుంది. ఈ నురగ దేవుడి దయవల్ల వచ్చేది, తరతరాలుగా ఇచ్చిపుచ్చుకుంటున్నది, కాబట్టి అడిగినవాళ్లకు కాదనకుండా, పావు పెన్నీకి మించి తీసుకోకుండా ఇవ్వాలి అని. కట్టుబాటు రాయాల్సి వచ్చిందంటే అప్పటికే ఎవరో దాన్ని ఎక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టి ఉండాలి.

ఇక హాప్స్ దగ్గరికి వద్దాం. ఐరోపా ఖండంలో ఇది పాత కథ. ఫ్రాన్సులోని కోర్బీ మఠాధిపతి 822లోనే హాప్స్ ప్రస్తావన చేశాడు. 12వ శతాబ్దంలో జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ దాని చేదు పానీయాలను చెడకుండా కాపాడుతుందని రాసింది. అంతకుముందు రైన్ తీరంలోనూ డచ్చి ప్రాంతాల్లోనూ చిత్తడి నేలల్లో పెరిగే ఘాటు ఆకుల మిశ్రమం వేసేవారు. దాని పేరు గ్రూట్. దాన్ని అమ్మే హక్కు ప్రభువులదీ బిషప్పులదీ. హాప్స్ ఆ గుత్తాధిపత్యాన్ని మెల్లగా తినేసింది. హాంబర్గ్, బ్రెమెన్ రేవుల నుంచి పీపాల కొద్దీ బీరు ఓడలెక్కింది.

చేదు ఎలా కాపాడుతుంది? హాప్స్ పువ్వు రేకుల అడుగున పసుపుపచ్చటి జిగురు పొడి ఉంటుంది. దాన్ని తీపి నీటిలో గంటసేపో ఎక్కువో మరిగిస్తే అందులోని ఆమ్లాలు రూపం మార్చుకుని కరుగుతాయి. పానీయాన్ని పులిపించే బాక్టీరియా చాలావాటికి అవి గిట్టవు. ఈస్టుకు మాత్రం ఏమీ కాదు. వారాలు కాదు, నెలలు నిలవ ఉంచవచ్చు.

1400 ప్రాంతంలో డచ్చి బీరు ఇంగ్లండు దక్షిణ రేవుల్లో దిగుతోంది. తాగింది మొదట వలస వచ్చిన డచ్చివాళ్లూ ఫ్లెమిష్ వాళ్లూ. 1436లో యుద్ధ వాతావరణంలో వాళ్ల మీద కోపం రేగి, బీరు విషమని లండన్‌లో పుకారు లేస్తే, ఆరో హెన్రీ ప్రభుత్వం అది ఆరోగ్యకరమైన పానీయమేనని, ముఖ్యంగా ఎండాకాలానికి మంచిదని చాటించాల్సి వచ్చింది. వందేళ్ల తరవాత కూడా గొడవ చల్లారలేదు. పైన చెప్పిన ఆండ్రూ బోర్డే ఏల్ ఇంగ్లీషువాడి సహజ పానీయమనీ, బీరు డచ్చివాడిదనీ, అది తాగితే పొట్ట ఉబ్బుతుందనీ రాశాడు. ఎనిమిదో హెన్రీ హాప్స్ నిషేధించాడని తరచూ అంటారు. నిజానికి 1530లో ఎల్తమ్ కోటలో ఏల్ చేసేవాడికి అందులో హాప్స్ కలపొద్దని ఉత్తర్వు ఇచ్చారు. రాజుగారింట్లో ఏల్‌కు ఒకడు, బీరుకు ఒకడు వేరుగా ఉండేవారు. ఏల్‌ను ఏల్‌గా ఉంచమన్నారు, అంతవరకే.

నాలుక ఒప్పుకోకపోయినా లెక్క ఒప్పుకుంది. 1333-34లో క్లేర్ ప్రభ్వి ఎలిజబెత్ డి బర్గ్ ఇంట్లో క్వార్టరు ధాన్యానికి సుమారు 60 గ్యాలన్ల ఏల్ దిగింది. క్వార్టరంటే 8 బుషెళ్లు. అంటే బుషెలుకు ఏడున్నర గ్యాలన్లు. 1574లో కెంట్ వాసి రెజినాల్డ్ స్కాట్ హాప్స్ తోటల పెంపకం మీద పుస్తకం వేస్తూ ఇదే లెక్కను పక్కపక్కన పెట్టాడు. బుషెలు మాల్టుకు ఓ మోస్తరు ఏల్ 8, 9 గ్యాలన్లకు మించి రాదు, బీరయితే 18, 20 గ్యాలన్లు వస్తుంది. ఏల్ నాలుగు రోజులు నిలవాలంటే చిక్కగా చెయ్యక తప్పదు, మాల్టు ఎక్కువ తింటుంది. బీరును హాప్స్ కాపాడుతుంది గనక పలచగా చేసినా ఫరవాలేదు.

రెట్టింపు సరుకు, నెలల నిలవ. ఇప్పుడు పీపాలు దాచుకోవచ్చు, ఓడకెక్కించవచ్చు, సైన్యానికి ఒప్పందం మీద పంపవచ్చు. అయితే గంటలు మరిగించడానికి పెద్ద రాగి కాగులు, బండ్ల కొద్దీ కట్టెలు, హాప్స్ కొనడానికి ముందస్తు డబ్బు, నెలల తరబడి పీపాలు ఉంచడానికి గోదాము కావాలి. అప్పు పుట్టాలి. పెళ్లైన స్త్రీ పేరున ఆస్తి ఉండని, ఒప్పందం చెల్లని చట్టం కింద అప్పు ఎవరికి పుడుతుంది? లండన్ బీరు తయారీదారులు 1493 నాటికి సంఘం కట్టుకున్నారు. ఆ సంఘం మగవాళ్లది. ఆడవాళ్లను ఎవరూ ఒక్కరోజులో వెళ్లగొట్టలేదు. ఇంటి ముందు గడలు ఒక్కొక్కటే లేవడం మానేశాయి.

పోతూపోతూ మాటలు కూడా పడ్డారు. లడ్లో చర్చిలో ఒక చెక్క చెక్కడం ఉంది. దొంగ కొలత పట్టుకున్న, ఏల్ అమ్మే ఆడమనిషిని దయ్యం నరకానికి మోసుకుపోతోంది. చెస్టర్ పట్టణపు భక్తి నాటకంలో క్రీస్తు నరకం ఖాళీ చేసినా అక్కడ మిగిలిపోయేది ఒక ఏల్ అమ్మే ఆడదే. 1517 ప్రాంతంలో కవి జాన్ స్కెల్టన్ ఎలినర్ రమ్మింగ్ అనే ముసలామె మీద పెద్ద వెక్కిరింపు కావ్యమే రాశాడు. ఆమె తొట్టి మీద కోళ్లు వాలి కూర్చుంటాయి. దొంగ కొలతలు మగవాళ్లకూ తెలుసు, కానీ చెక్కింది ఈమెనే. అలాగని, మంత్రగత్తెల కోసుటోపీ, చీపురు, పిల్లి ఇవన్నీ ఏల్ అమ్మేవాళ్లవేనని ఈమధ్య ప్రచారమవుతున్న కథను నేను నమ్మను. ఆధారాలు నిలవవు. జరిగిన అన్యాయం చాలదా, కల్పించినది కూడా ఎందుకు?

పట్నాల్లో పోయినా పల్లె ఇళ్లలో వంట సాగింది. ఎసెక్స్‌లోని రాడ్‌వింటర్ చర్చి పాదిరి విలియం హారిసన్ ఇంగ్లండు దేశ వర్ణన అనే పుస్తకం రాశాడు. 1577లో మొదట అచ్చయి, 1587లో పెరిగి వచ్చింది. అందులో తన భార్య, ఆమె పనిపిల్లలు నెలకోసారి బీరు ఎలా చేస్తారో కూర్చుని చూసినట్టు చెప్పాడు. మరవాడికి ఇస్తే తన వాటా తీసుకుంటాడని ఎనిమిది బుషెళ్ల మాల్టు ఇంట్లో తిరగలితోనే విసురుతారు. అర బుషెలు గోధుమపిండి, అర బుషెలు ఓట్స్ కలిసిపోయేలా కలుపుతారు. 80 గ్యాలన్ల మరిగిన నీళ్లు మెల్లగా పోస్తారు, తరవాత రెండో నీళ్లు, మూడో నీళ్లు. మొదట దిగిన తీపి నీటిలోంచి ఎనిమిది గ్యాలన్ల దాకా వేరే తీసి, గాలి చొరకుండా మూసి, పసుపుపచ్చగా మారేదాకా ఉంచుతారు. మిగతాది హాప్స్ వేసి మరిగిస్తారు. దాచినదాంట్లో అర ఔన్సు సుగంధపు ఐరిస్ వేరు పొడి, బే చెట్టు పండ్ల పొడి చిటికెడు వేసి చివర కలుపుతారు. దానితో బీరుకు బంగారు ఛాయ వస్తుంది. కొందరు ఈ దినుసులకు బదులు పిప్పళ్లు వేస్తారని కూడా రాశాడు. మన ఔషధాల పిప్పలి అంతదూరం వెళ్లి ఎసెక్స్ బీరు పీపాలో పడింది.

మాల్టు ఆరబెట్టడం మీద కూడా హారిసన్ మాట ఉంది. గడ్డి సెగన ఆరినది శ్రేష్ఠం, కట్టెల సెగన ఆరినది పొగచూరి అలవాటు లేనివాళ్లకు తలనొప్పి తెస్తుంది. ప్రభువుల ఇళ్లలో మార్చిలో చేసిన బీరు ఏడాది, రెండేళ్లు మాగాక తాగేవారు.

ఆ తరవాత ఖర్చులు రాశాడు. మాల్టు 10 షిల్లింగులు, కట్టెలు 4, హాప్స్ 20 పెన్నీలు, దినుసులు 2 పెన్నీలు, పనిపిల్లల జీతం తిండితో సహా 2 షిల్లింగుల 6 పెన్నీలు, పాత్రల అరుగుదల 20 పెన్నీలు. మొత్తం 20 షిల్లింగులు, దానికి 200 గ్యాలన్ల బీరు. కూడి చూడండి, సరిగ్గా సరిపోతుంది. గిన్నెల అరుగుదల కూడా వదలని మనిషి. భార్య కష్టానికి పద్దు లేదు. ఏడాదికి 40 పౌండ్ల రాబడి గల పేద పాదిరికి ఇంతటి సౌఖ్యం ఎలా అమరిందో చెప్పే పేరాలో ఆమె పేరు కూడా లేదు. పేరు మరియన్. అది తెలిసింది ఆయన వీలునామా వల్ల. ఆమె కలే దగ్గరి పికార్డీ ప్రాంతపు పిల్ల. హాప్స్ బీరు ఇంగ్లండుకు వచ్చిన దారి కూడా అటునుంచే.

తేనె మద్యం మీడ్ కథ వేరుగా నడిచింది. అందులో మాల్టు లేదు, పొయ్యి దగ్గర అంత చాకిరీ లేదు. తేనె, నీళ్లు, ఓపిక చాలు. ఆనాటి తేనెపట్లు గడ్డితో అల్లిన బుట్టల్లో ఉండేవి. తేనె తియ్యాలంటే శరదృతువులో గంధకం పొగ పెట్టి ఈగల్ని చంపేసేవారు. మంచి తేనె వడకట్టి దాచి, పిండిన పట్టును గోరువెచ్చటి నీళ్లలో కడిగితే వచ్చే తియ్యటి నీటిని ఇల్లాళ్లు మీడ్‌కు వాడేవారు. ఎక్కువ ఇళ్ల మీడ్ ఈ కడుగు నీళ్లతో చేసినదే. పాటల్లో వీరులు తాగే మీడ్ వేరు, ఇది వేరు.

నీళ్లలో తేనె పాళ్లు చూడటానికి గుడ్డు వాడేవారు. తాజా కోడిగుడ్డు వేసినప్పుడు మునిగితే తేనె చాలలేదు. పైకి తేలి చిన్న వెండి నాణెమంత మేర బయటికి కనబడితే సరిపోయింది. గుడ్డు ఎక్కువ కనబడితే మీడ్ అంత ఘాటు, అన్ని నెలలు మాగాలి. 1609లో తేనెటీగల మీద పుస్తకం రాసి పట్టును ఏలేది మగ ఈగ కాదు, ఆడదని చాటిన చార్లెస్ బట్లర్ కూడా మీడ్ విధానాలు ఇచ్చాడు. ఎలిజబెత్ రాణిదని చెప్పే ఒక వంటకంలో అడవిగులాబీ ఆకులు, థైమ్, రోజ్‌మేరీ, బే ఆకులు పడతాయి. ఇలా ఆకులు వేసిన మీడ్‌ను మెథెగ్లిన్ అనేవారు. వేల్స్‌లో దానికి మందుగా పేరుంది. ఇక్కడ చేదు అక్కరలేదు. తేనె సరిపడా ఉంటే ఆల్కహాలే దాన్ని కాపాడుతుంది. నిలవ ఉంటుంది గానీ తేనె ఎప్పుడూ తక్కువే, ఖరీదే. కాబట్టి పెద్ద కాగుల వ్యాపారులు దాని జోలికి పెద్దగా పోలేదు. మీడ్ ఇంటి పట్టునే ఉండిపోయింది.

అలా ఉండిపోయినదాన్ని పోగేసినవాడు సర్ కెనెల్మ్ డిగ్బీ. తండ్రి పార్లమెంటు పేల్చే కుట్రలో చేరి 1606లో ఉరికంబమెక్కాడు. కొడుకు నౌకాయుద్ధాలు చేశాడు, తత్త్వం రాశాడు, గాయం మీద కాక గాయం చేసిన కత్తి మీద పొడి చల్లితే నయమవుతుందని నమ్మాడు, గట్టి గాజు సీసాల తయారీలోనూ వేలు పెట్టాడు. వెళ్లిన ప్రతి పెద్దింటా మీడ్ ఎలా చేస్తారో అడిగి రాసుకున్నాడు. గట్టి సీసా విలువ అంతకుముందే ఒకాయనకు తెలిసొచ్చిందని చెబుతారు. సెయింట్ పాల్ చర్చి డీన్ అలెగ్జాండర్ నోవెల్ చేపలు పడుతూ సీసాలో ఏల్ గడ్డిలో మరచిపోయి, కొద్ది రోజులకు వచ్చి తెరిస్తే తుపాకీ పేలినట్టు పేలిందట. థామస్ ఫుల్లర్ 1662లో అచ్చైన పుస్తకంలో రాసిన ముచ్చట ఇది. సీసా ఏల్‌కు మూలపురుషుడిగా నోవెల్‌ను నిలబెట్టారు గానీ, ఆ ఏల్ వండినదెవరో ఫుల్లర్ అడగలేదు.

డిగ్బీ 1665లో పోయాడు. నాలుగేళ్ల తరవాత ఆయన దగ్గర పనిచేసిన మనిషి ఆ కాగితాలను పుస్తకంగా వేశాడు. మీడ్, మెథెగ్లిన్ విధానాలే అందులో వందకు పైగా ఉన్నాయి. చాలావాటి నెత్తిన ఫలానా లేడీ గారి మీడ్, ఫలానా దొరసాని మెథెగ్లిన్ అని పేర్లున్నాయి. గుడ్డు ఎంత తేలాలి, ఎన్ని రోజులకు నురగ తియ్యాలి, పీపా ఎప్పుడు బిగించాలి అన్న చోట్ల ఒకరి మాట మరొకరితో కలవదు. ముఖపత్రం మీద మాత్రం సర్ కెనెల్మ్ డిగ్బీ.

(వచ్చే భాగం: లండన్ పోర్టర్ – 1814 అక్టోబరు 17న వీధిలోకి ఉరికిన బీరు వరద)